సిమెంటు రోడ్డు ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) అడిగితే ‘వ్యక్తిగత సమాచారం’ అన్నారు, అప్పీలు ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఒక్క వానాకాలానికే పెచ్చులూడింది. వేలు పెట్టి గీకితే ఇసుక రాలుతోంది. ఎస్టిమేటు, ఎం.బుక్, బిల్లుల నకళ్లు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దాటాక ఒక ముక్క వచ్చింది: ‘సెక్షన్ 8(1)(జె), వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేము.’ రోడ్డు కొలతలు ఎవరి వ్యక్తిగతమో నాకు అర్థం కాలేదు!

2023 డేటా రక్షణ చట్టంతో ఈ సెక్షన్‌ను మార్చారని చదివాను. అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది కదా. మొదటి అప్పీలులో దాన్నే పట్టుకోవాలా, లేక కాంట్రాక్టరు వివరాలు కొట్టేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడగాలా? సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసి, సిమెంటు నమూనా తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి. సంతకం పెట్టడానికి తోడు రమ్మంటే పక్కింటి బాబాయి, ‘ఎందుకురా, రేపు పింఛను ఆపేస్తే?’ అన్నాడు. మొన్న గ్రామసభకు వచ్చింది పదిమందిమి, రిజిస్టరులో సంతకాలు మాత్రం రెండు పేజీలు. కాగితాలు చూపిస్తే జనం వస్తారని నా ఆశ, జనం వస్తేనే కాగితాలు బయటికొస్తాయంటాడు మా తమ్ముడు. మీ ఊళ్లో ముందు ఏది జరిగింది? అప్పీలుకు ఇంకా 12 రోజులే ఉంది.