వియ్యాలవారికి పుల్లకి గుచ్చిన చీజూ పళ్లూ పెట్టొచ్చా? మా ఇంటి తగువు తీర్చండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వచ్చే శనివారం సాయంత్రం మా అమ్మాయి అత్తవారి వైపువాళ్లు భువనేశ్వర్ నుంచి వస్తున్నారు. ఒడియావాళ్లు, పన్నెండు మంది. నిశ్చితార్థం అయ్యాక మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. భోజనం బెంగ లేదు, వంటాయనకి పురమాయించేశాం. తగువంతా వాళ్లు వచ్చి కూర్చున్నాక, విస్తళ్లు వేసేలోగా, ఆ గంటసేపు ఏం పెట్టాలని.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం. చీజు ముక్క, ద్రాక్షపండు, అనాస ముక్క కలిపి ఒక్కో పుల్లకి గుచ్చి పళ్లెంలో పేరుద్దాం అంటుంది. నూనె లేదు, పొగ లేదు, నేను కూడా చీర నలగకుండా ముందు గదిలో కూర్చోవచ్చు. మా అత్తగారిది ఒకటే మాట: "ఇంటికొచ్చినోళ్ల చేతికి పుల్లలిస్తావేటే?" ఆవిడ లెక్కలో వేడి గారె లేకపోతే మర్యాద లేనట్టే. పైగా చీజులో దూడ కడుపులోది ఏదో కలుపుతారని ఎవరో చెప్పారట. ఆవిడకి మడి.

నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే చిక్కు. మీరేమంటారు?

బరంపురం బావ

నా ఓటు అత్తగారికే. మన కోసం పొయ్యి వెలిగించారా లేదా అన్నదే చుట్టం చూసేది. డబ్బా విప్పి ముక్కలు కోసి పుల్లకి గుచ్చితే దుకాణాన్ని తెచ్చి బల్ల మీద పెట్టినట్టుంటుంది. గారె చిల్లులోంచి ఆవిరి వస్తుంటే ఆ ఇల్లే వేరు. నాలుగు బొరుగులు వేయించి ఉల్లిపాయ చల్లినా దీనికంటే నయం.

నాగావళి గట్టు (రాయగడ)

బావగారూ, మీ ఇంట్లో ఆ గారెలు వేసేదెవరు? మీరేనా?

మహేంద్రతనయ గారూ, ముందు దూడ సంగతి. చీజు గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్ ఒకప్పుడు నిజంగానే పాలు తాగే దూడ పొట్టలోంచి తీసేవారు. ఇప్పుడు మన దేశంలో సూక్ష్మజీవుల నుంచి తయారుచేసింది వాడతారు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందంటే శాకాహారమే. అత్తగారికి కళ్లజోడు పెట్టి మరీ చూపించండి.

లెక్క కూడా చూసుకోండి. 200 గ్రాముల డబ్బాలో ఎనిమిది ముక్కలుంటాయి. ఒక్కోదాన్ని నాలుగు చేస్తే 32. పన్నెండు మందికి మనిషికి మూడు కూడా రావు. రెండు డబ్బాలు తెండి. కత్తి తడిపి కోస్తే ముక్క అంటుకోదు. చుట్టాలు రావడానికి ఇరవై నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి, మరీ చల్లగా ఉంటే చీజుకి రుచే తెలీదు. అలాగని మధ్యాహ్నమే తీసి పెడితే చెమట పట్టి జిడ్డు తేలుతుంది. ద్రాక్ష ఇప్పుడు నాసిక్ వైపు నుంచి బాగానే దిగుతోంది. గింజల్లేనిది చూసి తీసుకోండి, పెద్దవాళ్లు నలుగురి మధ్య గింజలు ఉమ్మలేరు.

గుణుపురం కోడలు

అక్కా, చీజైనా ఫర్వాలేదు గానీ అనాస దగ్గర జాగ్రత్త. నేను దెబ్బ తిన్నాను.

పోయినేడు మా ఆయన ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు డబ్బా చీజు వద్దనుకుని ఇంట్లో ఛెనా (పాలు విరగ్గొట్టి వడగట్టిన ముద్ద) తీశాను. మల్లెపువ్వులా వచ్చింది. అందులో పచ్చి అనాస ముక్కలు, కాస్త తేనె కలిపి సాయంత్రం ఆరింటికే ఫ్రిజ్‌లో పెట్టాను. ఎనిమిదిన్నరకి తీసి చూస్తే గిన్నె అడుగున నీళ్లు. నోట్లో వేసుకుంటే చేదు! పాలు పాడయ్యాయేమో అనుకుని పాలబ్బాయిని నాలుగు తిట్టాను కూడా. పాపం, అతని తప్పేం లేదు. అనాసలో బ్రొమెలైన్ అని ఒకటుంటుంది, అది పాలలోని మాంసకృత్తుల్ని ముక్కలు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలకే చేదు. మాంసం మెత్తబడాలని పచ్చిబొప్పాయి వేస్తాం చూడండి, అదీ ఇదీ ఒకటే పని. వేడి తగిలితే అనాసలో ఆ గుణం పోతుంది. అనాస కావాలంటే చక్రాలు కోసి, పెనం మీద రెండు పక్కలా బాగా కాల్చి, చల్లారాక వాడండి. డబ్బాలో వచ్చే అనాస అయితే ముందే ఉడికి ఉంటుంది కాబట్టి భయం లేదు. పుల్లకి గుచ్చిన వెంటనే తినేసేటట్టయితే పచ్చిదైనా ఏమీ కాదు, గంటల ముందు గుచ్చి ఉంచితేనే గొడవ.

ఇంతకీ నేననేది, డబ్బా చీజు ఎందుకు? ఈ ఒడిశా గడ్డ మీద ఉండి ఛెనా వదిలేసి?

కొలాబు నీళ్లు (జయపురం)

తెలుగింట్లో శుభకార్యానికి ముందు పాలు విరగ్గొట్టడమా? మా అమ్మ అయితే పాలు విరిగిన రోజు ప్రయాణమే మానేసేది. పైగా పాలూ పళ్లూ విరుద్ధాహారం, చరకుడే పాలతో పుల్లటి పళ్లు కూడదన్నాడు. వాదించుకునే ముందు అదీ చూడండి.

గుణుపురం కోడలు

చరకుడు అన్నది పాలతో. ఛెనా అంటే అప్పటికే నిమ్మరసం తాగేసిన పాలు, ఇంకా దానికి కొత్తగా జరగాల్సిందేముంది? పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసుకుంటాం కదా. ఇక అశుభం అంటారా, పూరీలో రథయాత్ర ముగిసి నీలాద్రి బిజే రోజున జగన్నాథుడు తిరిగి గుడిలోకి వెళ్లేటప్పుడు అలిగిన లక్ష్మీదేవికి ఇచ్చేది రసగుల్లా. అది విరిగిన పాలతోనే కదండీ చేసేది? అమ్మవారి అలకే తీరిందంటే వియ్యపురాలికేం భయం.

కొలాబు నీళ్లు (జయపురం)

అమ్మవారి జోలికి నేను రాను. మీరన్నదే సరి.

బరంపురం బావ

అమ్మా, భువనేశ్వర్ వాళ్లకి ఛెనా పెట్టడం తాతకి దగ్గులు నేర్పడమే. వాళ్లకి వీధి చివర ఛెనా పొడొ (కాల్చిన ఛెనా మిఠాయి) దొరుకుతుంది, దాని పుట్టిల్లు నయాగఢ్ జిల్లా దసపల్లా. సాల్ ఆకుల్లో చుట్టి నిప్పుల మీద అంచులు నల్లబడేదాకా కాల్చింది చిన్నప్పటి నుంచి తింటున్నవాళ్లు. మీరు తెల్లగా పెట్టిన ఛెనా చూసి "ఇంకా అవ్వలేదా?" అంటారు. వాళ్లింట్లో దొరకనిది పెట్టండి. అంటే గారె. మళ్లీ అక్కడికే వస్తున్నానని అనుకోవద్దు.

నాగావళి గట్టు (రాయగడ)

అనుకుంటున్నాం.

కానీ బావగారి మాటలో ఒక నిజం ఉంది. ఛెనా వాళ్లకి తీపి వస్తువు. అందుకే మనం తీపి జోలికి పోకుండా ఉప్పూ మిరియాలతో పెడితే? అప్పుడు పోలికే రాదు. పండు మన సంతలోది పెట్టొచ్చు. దోరజామ ఇప్పుడు దండిగా ఉంది. ఆపిల్ మాత్రం వద్దు, కోసిన పావుగంటకే నల్లబడుతుంది. తప్పదంటే ఉప్పునీళ్లలో వేసి తీయాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

జామ మాట నచ్చింది. ఛెనా ఎలా తీయాలో కాస్త విడమరిచి చెప్తారా? నేను తీసినప్పుడల్లా రబ్బరు బంతిలా వస్తుంది.

గుణుపురం కోడలు

మీరు నిమ్మరసం ఎక్కువ పోస్తున్నారు, లేదంటే విరిగాక కూడా మరిగిస్తున్నారు.

రెండు లీటర్ల ఆవుపాలు తీసుకోండి, గేదెపాలైతే గట్టిపడుతుంది. పొంగు రాగానే పొయ్యి ఆపి రెండు మూడు నిమిషాలు ఆగండి. నిమ్మరసంలో అన్ని నీళ్లు కలిపి చెంచాడు చెంచాడుగా పోస్తూ మెల్లగా తిప్పండి. ఒకచోట మీకే తెలుస్తుంది: పాలు పాలుగా ఉండటం మానేసి, లేత ఆకుపచ్చ తేటలో తెల్లటి తునకలు తేలతాయి. అక్కడ ఆపేయాలి. ఇంకో చెంచా పోద్దామని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి. పల్చటి గుడ్డలో వడగట్టి పైనుంచి చన్నీళ్లు పోస్తే పులుపు పోతుంది. మూట కట్టి కుళాయికి గంటసేపు వేలాడదీయండి. మీద బరువు పెట్టారో, అది పనీరు అయి కూర్చుంటుంది. మూడొందల గ్రాముల పైచిలుకు వస్తుంది. అరచేతి మడమతో రెండు నిమిషాలు మెదిపితే గరుకు పోయి వెన్నలా అవుతుంది. అప్పుడు ఉప్పు, దంచిన మిరియాలు, వాసనకి కాస్త నిమ్మతొక్క తురుము.

దోరజామని వేలి మందాన చక్రాలు కోసి, మధ్యలో గింజలు గట్టిగా ఉంటే చెంచాతో తీసేసి, ఆ గుంటలో ఛెనా పెట్టండి. మీద నేతిలో వేయించిన పలాస జీడిపప్పు ఒక బద్ద. పుల్ల అక్కర్లేదు, చేత్తో తీసుకోవచ్చు. మీ అత్తగారి బాధా తీరుతుంది. తీసిన రోజే వాడేయాలి, మర్నాటికి ఉంచొద్దు.

పింగాణీ పళ్లెం బదులు అడ్డాకు డొప్పల్లో పెట్టి చూడండి, ఒక్కో డొప్పలో రెండేసి. ఒడియాలో సియాళీ అనేది అదే ఆకు, వాళ్లూ ఇష్టపడతారు. ముందే కడిగి ఆరబెట్టుకోండి, తడి ఉంటే జామ జారుతుంది.

బరంపురం బావ

జామపండు మీద ఛెనా, దాని మీద జీడిపప్పు. అద్దం ముందు నించున్న పెళ్లికూతురిలా ఉంది. చెప్పండి, కడుపు నిండుతుందా?

నాగావళి గట్టు (రాయగడ)

నిండకూడదు బావగారూ. వెనకాల వంటాయన వండింది ఎవరు తినాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

శనివారం అయిపోయింది. ఏమైందో చెప్తాను.

ఛెనా రబ్బరు కాలేదు, గుణుపురం కోడలికి దండం. డొప్పలు సంతలోనే దొరికాయి. వియ్యపురాలు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగారు. నా గుండె జారింది. "చక్కెర వేయలేదేం?" అన్నారు. మిరియాలు తగలగానే నవ్వి ఇంకో డొప్ప తీసుకున్నారు. తర్వాత ఎలా చేశానో అడిగి ఫోనులో రాసుకున్నారు కూడా. మా అత్తగారు దూరం నుంచి చూసి చూసి, ఇంట్లో విరగ్గొట్టిన పాలే కదా అని మూడు తిన్నారు. చీజు డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూపించాం, కళ్లజోడు సవరించుకుని చూశారు, "చుక్కే కదా, ఎవడైనా పెడతాడు" అని పక్కన పెట్టేశారు.

మా అమ్మాయి మాట కాదనలేక ఒక పళ్లెం పుల్లలు కూడా గుచ్చాం, అనాస కాల్చే గుచ్చాం.

బరంపురం బావ

గారెల సంగతి దాటేశారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

దాటేయలేదు, వస్తున్నాను. వంటాయన తనంతట తనే ఒక వాయి వేసి పంపాడు. గదిలోకి వచ్చిన పళ్లెం బల్ల దాకా రాలేదు, దారిలోనే ఖాళీ.

బరంపురం బావ

ఇంక నేనేమీ మాట్లాడను.

గుణుపురం కోడలు

మీరు మాట్లాడకపోవడం ఇదే మొదలు. అక్కా, పుల్లల పళ్లెం ఏమైంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పిల్లలు ద్రాక్ష, అనాస లాగేసుకుని చీజు పుల్లకే వదిలేశారు. ఫ్రిజ్‌లో ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. మా ఆయన రొట్టె మీద పెట్టుకుని కాల్చుకుంటున్నాడు.