కంప్యూటర్ ఆటలకు 55 అంగుళాల టీవీ తగునా, మానిటరే మేలా?

ప్రశ్న (కడప, ఎర్రముక్కపల్లి):
అందరికీ నమస్కారం. నా కంప్యూటర్‌లో జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఇప్పటివరకు 24 అంగుళాల మానిటర్ మీద ఆడుతున్నాను. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం కాస్తా 18 శాతం అయింది కనుక, 55 అంగుళాల టీవీ తెచ్చుకుంటే సాయంత్రం ఇంట్లోవాళ్లు వార్తలు చూస్తారు, రాత్రి నేను ఆడుకుంటాను అన్నది నా ఆలోచన. ఇది సరైనదేనా, లేక 27 అంగుళాల మానిటర్ కొనడమే మంచిదా?

కర్నూలు సభ్యుడు:
మూడేళ్లుగా టీవీ మీదే ఆడుతున్నాను కనుక గట్టిగా చెబుతున్నాను, టీవీయే కొనండి. కారు పందేలైనా, కథను పట్టుకుని సాగే సాహస ఆటలైనా, మంచానికి ఆనుకుని ఆరడుగుల దూరం నుండి పెద్ద తెర మీద ఆడినప్పుడు కలిగే ఆనందం బల్ల మీది మానిటర్ ఇవ్వలేదు. టీవీలో ఆలస్యం (బటన్ నొక్కాక తెర మీద కదలిక కనిపించేందుకు పట్టే సమయం) ఎక్కువ అనే మాట పాతబడింది. మామూలు పిక్చర్ మోడ్‌లలో బొమ్మకు మెరుగులు దిద్దే పని వల్ల ఆలస్యం పెరుగుతుంది. గేమ్ మోడ్ పెట్టగానే ఆ పనిలో అధికభాగం ఆగిపోతుంది, మంచి టీవీలు దాదాపు మానిటర్‌లాగే స్పందిస్తాయి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నేను మొదట కొన్న టీవీ పెట్టె మీద 120 అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంటికి తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాక గానీ, ప్యానెల్ 60 హెర్ట్జ్‌దేనని, అంటే సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుందని, ఆ అంకె రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును కల్పించి చూపే ఎంఈఎంసీ పేరిట వేసినదని తెలియలేదు. ఆ కల్పన ఆటకు పనికిరాదు సరికదా, ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది. నేటివ్ రిఫ్రెష్ రేటు (ప్యానెల్ నిజంగా సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క) 120 అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి.

అనంతపురం సభ్యుడు:
గేమ్ మోడ్ విషయంలో కర్నూలు అన్నగారి మాట నిజమే. అయితే ఆయన ఆరడుగుల దూరాన్ని ముందే ఖాయం చేసుకుని మాట్లాడుతున్నారు. ప్రశ్న వేసినవారు ఎక్కడ కూర్చుంటారో చెప్పనేలేదు. నా దృష్టిలో తగవంతా అక్కడే ఉంది. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. బల్ల ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే ఒక మూల ఉన్న చిన్న మ్యాపు కోసం, మరో మూల ఉన్న తూటాల లెక్క కోసం ప్రతిసారీ మెడ తిప్పవలసి వస్తుంది. కాల్పుల పోటీ ఆటల్లో అంత వ్యవధి ఎవరూ ఇవ్వరు. పైగా 4కె (అడ్డంగా 3840, నిలువునా 2160 పిక్సెళ్లు) అయినా ఆ పరిమాణంలో అంగుళానికి 80 పిక్సెళ్లే వస్తాయి. 27 అంగుళాల 1440పీ (2560, 1440 పిక్సెళ్ల) మానిటర్‌లో 109 వరకు ఉంటాయి, కనుక దగ్గరగా కూర్చుని చదివే అక్షరాలు అందులోనే నున్నగా కనిపిస్తాయి.

ఇక కార్డు సంగతి. జీటీఎక్స్ 1660లో బొమ్మను టీవీకి పంపే పోర్టు హెచ్‌డీఎంఐ 2.0 రకానిది, రంగుల వివరం తగ్గకుండా అది 4కెను 60 హెర్ట్జ్ వరకే పంపగలదు. 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి, దీని తయారీదారు ఎన్‌విడియా కార్డుల్లో అది 2020లో వచ్చిన 30 సిరీస్‌తో మొదలైంది. పోనీ కార్డులోని మరో రకం పోర్టు డిస్‌ప్లేపోర్టు వాడుకుందామంటే టీవీలలో సాధారణంగా ఆ పోర్టే ఉండదు. అన్నిటికీ మించి 4కె అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. కొత్త ఆటలను ఆ కార్డు అంత భారంతో లాగలేదు.

కర్నూలు సభ్యుడు:
కార్డు గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను, కానీ దానికోసం టీవీని వదులుకోనవసరం లేదు. 1440పీ 120 హెర్ట్జ్ హెచ్‌డీఎంఐ 2.0 మీదుగానే వెళుతుంది. టీవీ ఆ సంకేతాన్ని తీసుకుంటే చాలు. కార్డును రెండేళ్ల తరువాతైనా మార్చుకోవచ్చు, గోడ మీది టీవీని అంత తరచుగా మార్చము కదా. డబ్బు సరిపోతే ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ తెర చూడండి, ఆ నలుపు మరే తెరలోనూ రాదు.

అనంతపురం సభ్యుడు:
ఓఎల్ఈడీ మాత్రం ఈ ఇంటికి వద్దని నా మనవి. సాయంత్రమంతా వార్తలు నడిచే ఇల్లు అది. వార్తా ఛానెల్ మూలన ఉండే గుర్తు, అడుగున కదలక నిలిచే పట్టీ గంటల తరబడి ఒకేచోట వెలిగితే, ఆ చోట పిక్సెళ్లు త్వరగా అరిగి మచ్చ నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆపై కంప్యూటర్ టాస్క్‌బార్ కూడా తోడవుతుంది. మన సీమ ఎండకు కిటికీ వెలుగు నిండిన గదిలో వెనుక చిన్నచిన్న దీపాలతో వెలిగే, కాంతి ఎక్కువున్న మినీ ఎల్ఈడీ తెరే హాయిగా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత దుప్పటిని 122 సెంటీమీటర్ల వెడల్పు, 68 సెంటీమీటర్ల ఎత్తుకు మడిచి హాలు గోడకు కట్టి చూశాను. మంచం మీద నుండి ఏడడుగుల దూరంలో ఏ ఇబ్బందీ లేదు. బల్ల దగ్గర మాత్రం రెండు నిమిషాలు కూడా చూడలేకపోయాను. అందువల్ల హాలుకు మినీ ఎల్ఈడీ టీవీ తీసుకుని, కాల్పుల ఆటలకు పాత మానిటర్‌నే ఉంచుకుంటాను. దుకాణంలో ఏం పరీక్షించాలి?

అనంతపురం సభ్యుడు:
ల్యాప్‌టాప్, కేబుల్ మీరే తీసుకెళ్లండి. నీలి నేపథ్యం మీద ఎర్రటి చిన్న అక్షరాలు రాసి టీవీలో చూడండి. అంచులు అలికినట్టు కనిపిస్తే రంగుల వివరం తగ్గి వస్తోందని అర్థం. సెట్టింగులలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు పీసీ అని పేరు పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ తేరుకోకపోతే వేరే మోడల్ అడగండి. కంప్యూటర్‌ను టీవీ పక్కనే పెట్టుకోండి, ఎందుకంటే రేపు హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న కార్డు వేసినప్పుడు మూడు మీటర్లు దాటిన మామూలు రాగి కేబుల్‌తో బొమ్మ మధ్యమధ్యలో పోయే అవకాశం ఉంది.