ఇంట్లో హింస గురించి ఆస్పత్రిలో అందరినీ అడగాలా?

రాత్రి డ్యూటీ నర్సు:
ఆ మధ్య ఒకామె ముంజేయి విరిగి వచ్చింది. మెట్ల మీంచి జారిందట. ఆ మాట చెప్పింది ఆమె కాదు, పక్కనున్న భర్త. వయసెంతమ్మా అన్నా ఆయన మొహమే చూసింది. జారిపడితే ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. దెబ్బకి చెయ్యి అడ్డం పెడితే చిటికెనవేలి వైపు ఎముక విరుగుతుంది. ఆమెకి విరిగింది అదే. కట్టు వేసి పంపేశాం. మళ్లీ చూపించుకోవడానికి రాలేదు. ఆ రోజు నేనూ నోరు విప్పలేదు, ఆ బాధ నన్ను వదలట్లేదు. ఆస్పత్రికొచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగడం నియమం చెయ్యాలంటాను.

ప్రజారోగ్యం విద్యార్థి:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఒప్పుకోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు అందరినీ అడగమనలేదు. గాయాలో, దిగులో, కారణం తేలని నొప్పులో చూసి అనుమానం వస్తే అడగమన్నాయి. అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2015 కోక్రేన్ సమీక్షలోనూ, అందరినీ అడిగితే హింస ఉందని తేలినవాళ్లు పెరిగారు గానీ హింస తగ్గిందనడానికి రుజువు దొరకలేదు. చెప్పించుకుని, ఏ ఆసరా చూపకుండా అదే ఇంటికి పంపితే ఆమెకి ఒరిగేదేమిటి?

రాత్రి డ్యూటీ నర్సు:
అమెరికాలో నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2018లో పిల్లల్ని కనే వయసు స్త్రీలందరినీ అడగమంది, తేలినవాళ్లకి సాయం అందేలా చూడమని కూడా. నిపుణులకే ఏకాభిప్రాయం లేదు.

బయటపడ్డదాన్ని:
నన్ను అడిగారు. మా ఆయన నా పక్క కుర్చీలో ఉండగా. "ఇంట్లో అంతా బాగానే ఉందా?" బాగానే ఉందన్నాను, ఇంకేమంటాను? దారిపొడుగునా ఒకటే ప్రశ్న, డాక్టరు అలా ఎందుకడిగింది, నువ్వేం చెప్పావు అని. ఆ తర్వాత నన్ను ఆ ఆస్పత్రి గడప తొక్కనివ్వలేదు. డబ్బు ఆయన దగ్గర, ఫోను ఆయన చేతిలో. గర్భం రాకుండా వాడే మాత్రలు చెత్తబుట్టలో దొరికేవి. నా కాగితాల మీద మాత్రం "మందులు సరిగా వాడదు" అని రాసి ఉంది.

తర్వాత వేరేచోట, ఎక్స్‌రే తీసే అమ్మాయి "లోపలికి పేషెంటు ఒక్కరే" అని తలుపు వేసింది. రెండు నిమిషాలు. మెల్లగా అడిగింది. ఆ రోజూ నేను చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత ఆ గది వెతుక్కుంటూ నేనే వెళ్లాను. అడిగిన రోజే చెప్పేస్తామని లెక్క వేసుకోకండి.

అత్యవసర విభాగం డాక్టరు:
ఇంకొకటి, గొంతు నులిమారా అని విడిగా అడగండి. మెడ మీద గుర్తే ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం చాలు అనుమానించడానికి. లోపల రక్తనాళం చిరిగితే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. ఇక ఆమె ఇష్టం లేకుండా పోలీసులకి చెప్పాలన్న నియమం నాకు భయం. అది తెలిస్తే ప్రాణం మీదికొచ్చినా కొందరు ఆస్పత్రికి రారు.

ప్రజారోగ్యం విద్యార్థి:
తలుపు సంగతి ఒప్పుకుంటున్నాను, ఒంటరిగా ఉంటే తప్ప అడగకూడదు. అందరినీ అడగాలన్నది ఇంకా ఒప్పుకోను.

రాత్రి డ్యూటీ నర్సు:
అయితే తలుపు నుంచే మొదలుపెడతాను. ఎవరి తోడు వచ్చినా పరీక్ష గదిలోకి పేషెంటు ఒక్కరే అని బోర్డు పెట్టమని రేపు అడుగుతాను. అందరికీ అదే నియమమైతే, ఎందుకు బయటికి పంపారని ఏ భర్తా ఆమెని నిలదీయలేడు.