పోర్క్ చాప్స్ మన నాలుకకి నచ్చేలా ఎలా వండుతున్నారు?

గోదారి_డల్లాస్:
మేకమాంసం కావాలంటే అరగంట కారెక్కి పోవాలి, ధర సంగతి సరేసరి. ఎముకతో ఉన్న పోర్క్ చాప్స్ మాత్రం సందు చివరి స్టోర్లోనే చవగ్గా దొరుకుతున్నాయి. ఇక్కడి వాళ్ళలా ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చి పెడితే మా ఇంట్లో ఎవరూ రెండో ముక్క ముట్టుకోరు. పోనీ అని అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్లో పెడితే పీచుపీచుగా అవుతున్నాయి. శనివారం పదిమంది భోజనానికి వస్తున్నారు. మసాలా తగలాలి, ముక్క మెత్తగా ఉండాలి. ఎవరైనా దారి చెప్పండి బాబూ.

ఎడిసన్_వంటిల్లు:
కుక్కర్ ఎత్తి పైన పెట్టేయండి ముందు. చాప్ అంటే వీపు మీది కండ. పంది దాన్ని పెద్దగా కష్టపెట్టదు కాబట్టి అది పుట్టడమే మెత్తగా పుడుతుంది. కొవ్వు తక్కువ, ఉడికి కరగాల్సిన జిగురూ తక్కువ. విజిల్స్ కొద్దీ ఉడికిస్తే ఉన్న నీరంతా బయటికి పోతుంది. కూరకైతే భుజం ముక్క అడగండి, అది ఎంతసేపు ఉడికితే అంత బాగుంటుంది.

అంగుళం నుంచి అంగుళంన్నర మందం ఉన్నవే తీసుకోండి. పల్చటివైతే పైన ఎర్రబడేలోపే లోపల అయిపోతాయి. లీటరు నీళ్ళకి 50–60 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల బెల్లం, దంచిన వెల్లుల్లి, కాసిని మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు. ఇందులో ముక్కల్ని రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక బాగా తుడవాలి, తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. ఒక్కటి చూసుకోండి: ప్యాకెట్ మీద ఉప్పుద్రావణం కలిపినట్టు రాసి ఉంటే అది అప్పటికే ఉప్పు తాగిన మాంసం. దానికి ఈ స్నానం అక్కర్లేదు.

వరంగల్_పోరడు:
అన్న చెప్పింది కరెక్టే గానీ, మసాలా ముచ్చట చెప్పలే. కారం, ధనియాల పొడి ముందే పట్టిచ్చి కాలే మూకుట్ల ఏస్తే అది మాడుతది, ఇల్లంత దగ్గుతది, పొగ అలారం మొత్తుకుంటది. నేనైతే ఉప్పు, పసుపు, కొంచెం మిరియాల పొడితోనే ఏస్త. ముందుగాల చాప్‌ని కొవ్వు అంచు మీద నిలబెట్టి కరిగియ్యాలె, ఆ నూనెల్నే రెండు దిక్కుల ఎర్రగ కాల్చాలె. కొవ్వు అంచుకి రెండు మూడు గాట్లు పెట్టు అక్కా, లేకుంటే ముక్క వంకర్లు పోతది.

ఆఖరుకి మంట తగ్గిచ్చి నెయ్యి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఎండుమిర్చి, కచ్చాపచ్చాగ దంచిన ధనియాలు ఏసి, ఆ నెయ్యిని గంటెతోటి ముక్కల మీద పోస్తుండాలె. రెండు నిమిషాలు చాలు. మసాలా మాడదు, వాసన ఒక్కటి కూడ పోదు.

గోదారి_డల్లాస్:
భలే చెప్పావు తమ్ముడూ. మరి లోపల ఉడికిందని ఎలా తెలుస్తుంది? గులాబీ రంగు కనిపిస్తే మా అత్తయ్యగారు కంచం పక్కకి నెట్టేస్తారు.

ఎడిసన్_వంటిల్లు:
థర్మామీటర్ కొనండి, చిన్నదైనా పర్వాలేదు. ఎముకకి తగలకుండా మధ్యలో గుచ్చి చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చాప్స్‌కి సలహా మార్చింది: 145 ఫారెన్‌హీట్, అంటే 63 సెల్సియస్, ఆ తర్వాత మూడు నిమిషాలు ముట్టుకోకుండా పక్కన పెట్టడం. అంతకుముందు 160 అనేవారు. మన పాత తరానికి పోర్క్ అంటే ఎండు ముక్కే గుర్తుండటానికి సగం కారణం అదే. కొంచెం గులాబీ రంగు ఉన్నా పర్వాలేదు. కీమాకి మాత్రం ఇప్పటికీ 160 కావాలి. అత్తయ్యగారి ముక్క ఇంకో రెండు నిమిషాలు ఉంచండి, గొడవ వదిలిపోతుంది.

పశువుల_డాక్టర్:
ఒక్క మాట, ఇది ఇండియాలో వండేవాళ్ళ కోసం. పై లెక్క అక్కడి ఫారాల్లో పెంచి, తనిఖీ అయి వచ్చే మాంసానికి. మన దగ్గర వీధుల్లో తిరిగి పెరిగిన ఊరపంది మాంసానికి అది వర్తించదు. బద్దెపురుగు లార్వాలు కండలో తెల్లటి గింజల్లా కనిపిస్తే ఆ మాంసం కొననే కొనవద్దు. అలాంటి మాంసం సగం ఉడికించి తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు మాత్రం ఆ పురుగు గుడ్లు మనిషి మలం నుంచి చేతుల ద్వారానో, కడగని కూరల ద్వారానో నోట్లోకి పోవడం వల్ల వస్తాయి, మాంసం తిన్నందుకు నేరుగా కాదు. ఈ రెండిటినీ కలిపేసి భయపడేవాళ్ళు చాలామంది. ఇక్కడ సీమపంది మాంసం నమ్మకమైన చోట కొనండి, లోపల ఎక్కడా ఎరుపు లేకుండా ఉడికించండి. కాస్త ఎండితే ఎండనివ్వండి, పక్కన పులుసు ఉంటుంది కదా.

మడికేరి_అల్లుడు:
పులుపు మాట వచ్చింది కాబట్టి. మా అత్తవారిది కొడగు. పందిమాంసం అంటే వాళ్ళ ముందు మనం పిల్లలం. పంది కర్రీలో వేసే కాచంపులి ఉంటుంది, ఒక రకం పుల్లటి పండ్ల రసాన్ని నల్లగా, చిక్కగా అయ్యేదాకా మరిగించింది. వాళ్ళు దాన్ని కొవ్వు, చర్మం ఉన్న ముక్కలకే వాడతారు, చాప్స్‌కి కాదు. కానీ నేను మిరియాలు, జీలకర్ర, ఆవాలు నల్లబడేదాకా వేయించి పొడి కొట్టి, దించేముందు చాప్స్ మీద చల్లి, అరచెంచా కాచంపులి వేస్తాను. అత్తగారు పెదవి విరిచారు, మామగారు మళ్ళీ అడిగారు. కాచంపులి లేకపోతే చిక్కటి చింతపండు గుజ్జు వేసుకోండి. అదే రుచి కాదు, కానీ పని అవుతుంది.

గుంటూరు_సీత:
కొవ్వున్న మాంసానికి పులుపు తోడుంటే తిరుగులేదు. అమెరికాలో ఆపిల్ సాస్ పక్కన పెడతారు చూడండి, అదీ అందుకే. నాకైతే ఆ తీపి నచ్చదు. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, వేడన్నం, పక్కన ముక్క. గోంగూరని ముక్కతో పాటు ఉడికించొద్దు, పచ్చడి విడిగా చేసి కంచంలోనే కలవాలి. మామిడికాయ రోజుల్లో కోరు పచ్చడి ఇంకా బాగుంటుంది.

హ్యూస్టన్_నూకలు:
పల్చటి చాప్స్‌ని మరీ తీసిపారేయకండి ఎడిసన్ గారూ. వియత్నాం వాళ్ళు పల్చటివే వాడతారు. నిమ్మగడ్డి, వెల్లుల్లి, చేపల సాస్, పంచదార కలిపి కొన్ని గంటలు నానబెట్టి, బొగ్గుల మీద గబగబా కాల్చి నూకలన్నం మీద పెడతారు. పైన ఉల్లికాడలు వేసిన వేడి నూనె, పక్కన పుల్లటి క్యారెట్, ముల్లంగి. మన ఇళ్ళలో నూకలంటే ఉప్మాకో జావకో అనుకుంటాం, వాళ్ళు సైగాన్‌లో దాన్నే ఊరి వంటగా చేసుకున్నారు. హ్యూస్టన్‌లో ఏ వియత్నాం హోటల్‌కి వెళ్ళినా దొరుకుతుంది. నేను నిమ్మగడ్డితో పాటు రెండు పచ్చిమిరపకాయలు నూరి వేస్తాను. పంచదార ఉంది కదా, అంచులు నల్లబడతాయి, కంగారు పడకండి, ఆ రుచే అది.

ఇంకోటి. అమెరికా దక్షిణ రాష్ట్రాల వాళ్ళు పల్చటి చాప్స్‌ని పిండిలో దొర్లించి వేయించి, బోలెడు ఉల్లిపాయలు వేసిన గ్రేవీలో మళ్ళీ మగ్గిస్తారు. అన్నంలోకి అచ్చం మన ఉల్లిపాయ ఇగురే. దానికి వీపు ముక్క కంటే భుజం వైపు కోసిన చాప్ మేలు, కాసేపు ఎక్కువ మగ్గినా తట్టుకుంటుంది. మీ కుక్కర్ మోజు దీంతో తీరుతుందేమో గోదారి గారూ.

ఎడిసన్_వంటిల్లు:
ఒప్పుకున్నాను. పల్చటివి బొగ్గుల మీదైతే సరే, ఇంటి స్టవ్ మీద వద్దు.

వైజాగ్_బుజ్జి:
ఎయిర్ ఫ్రైయర్‌లో ఎవరైనా చేశారా?

వరంగల్_పోరడు:
చేస్త. 400 ఫారెన్‌హీట్, అంగుళం ముక్క పన్నెండు నిమిషాల దగ్గర చూసుకో, నడుమ ఒక్కసారి తిప్పు. కానీ మూకుట్ల వచ్చే ఎరుపు రాదు. ఆ నెయ్యి-వెల్లుల్లి విడిగ కాచి పైన పోసుకో.

గోదారి_డల్లాస్:
నిర్ణయమైపోయింది. మందం చాప్స్, ఉప్పునీళ్ళు, తమ్ముడి నెయ్యి పోపు, సీత గారి గోంగూర. పదిమందికి ఒక్క మూకుడు చాలదు కదా, ఎలా?

ఎడిసన్_వంటిల్లు:
వాళ్ళు రాకముందే రెండు వైపులా ఎర్రగా కాల్చి, ఆగకుండా అదే ఊపులో ట్రేలో సర్ది 375 ఓవెన్‌లో లోపలిదాకా ఉడికించేయండి. సగం కాల్చి గంటలు గంటలు బయట వదిలేయకూడదు. పోపు మాత్రం వడ్డించేముందు వేడివేడిగా పోయండి. వచ్చేవాళ్ళలో పోర్క్ తిననివాళ్ళు ఉంటే ట్రే పక్కన పేరు రాసి పెట్టండి, గరిటె కూడా విడిగా. చికెనే అనుకుని వడ్డించుకుంటే బాగుండదు.

గుంటూరు_సీత:
మిగిలితే మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, గట్టిపడిపోతాయి. సన్నగా తరిగి, ఎగ్ ఫ్రైడ్ రైస్ దించే అర నిమిషం ముందు వేసి కలిపేయండి.