నులిపురుగు అంటే ఏ పురుగు? (భాషా చర్చ)

ప్రశ్న (ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థిని): "నులిపురుగు గుడ్డు బొమ్మ గీసి భాగాలు గుర్తించండి" అని పరీక్షలో వస్తే ఏ గుడ్డు గీయాలండీ? బడుల్లో మాత్రలు వేసే రోజు పోస్టర్ల మీద కడుపులో పురుగులన్నిటికీ నులిపురుగులనే రాస్తారు. పాఠంలో మాత్రం ఏలికపాము, కొంకిపురుగు, బద్దెపురుగు అని వేరువేరుగా ఉన్నాయి.

తెలుగు అధ్యాపకుడు: నులి అంటే మెలి. నులకమంచంలోని నులక, గొంతు నులమడం, అన్నీ ఆ కుదురువే. మెలి తిరిగి దారప్పోగులా కనిపించే సన్నని పురుగు కాబట్టి నులిపురుగు అని నా అన్వయం. కడుపులో మెలిపెట్టే నొప్పిని నులినొప్పి అంటాం గనక ఆ నొప్పి తెచ్చే పురుగు అనీ చెప్పుకోవచ్చు. పోస్టర్ వాడుకకు ఈ రెండో అర్థం సరిపోతుంది.

మైక్రోబయాలజీ అధ్యాపకురాలు: జవాబుపత్రంలో మాత్రం మాస్టారి మొదటి అర్థాన్నే పట్టుకోండి. నులిపురుగు అంటే ఎంటరోబియస్ వెర్మిక్యులారిస్. ఆడపురుగు 8 నుంచి 13 మి.మీ., తెల్లగా, తోక సూదిమొనలా ఉంటుంది. దాని ముఖ్య లక్షణం కడుపునొప్పి కాదు, రాత్రిపూట మలద్వారం చుట్టూ దురద. ఆడపురుగు రాత్రి బయటికి వచ్చి ఆ ముడతల్లోనే గుడ్లు పెడుతుంది. అందుకే మల పరీక్షలో గుడ్లు దొరికేది నూటికి ఐదుగురిలోనే.

గుడ్డు 50–60 మైక్రాన్ల పొడవు, 20–30 వెడల్పు. ఒక పక్క బల్లపరుపు, మరో పక్క ఉబ్బు. పెంకు పారదర్శకం, లోపల తోకకప్పలా ముడుచుకున్న లార్వా (పిల్లపురుగు). రంగు వేయకండి, ఈ గుడ్డుకు పైత్యరసం రంగు అంటదు. చాలామంది గోధుమరంగు పెన్సిల్ వాడేది ఇక్కడే, మార్కులు పోయేదీ ఇక్కడే.

పోస్టర్‌లో ఉన్న "నులిపురుగులు" వేరే గుంపు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో వేసే ఆల్బెండజోల్ ముఖ్యంగా మట్టి ద్వారా సోకే మూడింటి కోసం: ఏలికపాము, కొరడాపురుగు, కొంకిపురుగు. అసలు నులిపురుగు ఆ మూడింటిలో లేదు, ఎందుకంటే దాని గుడ్డుకు మట్టితో పనిలేదు. పెట్టిన ఆరు గంటల్లోపే సోకే దశకు వస్తుంది, గోళ్ల కింద నుంచి నేరుగా నోట్లోకి చేరుతుంది. ఏలికపాము గుడ్డు అయితే మట్టిలో రెండు మూడు వారాలు మాగాలి. "సాయిల్ ట్రాన్స్‌మిటెడ్ హెల్మింత్స్ పేర్కొనండి" అన్న ప్రశ్నకు ఎంటరోబియస్ రాస్తే తప్పు.

విద్యార్థిని: అయితే ఆ మాత్ర నులిపురుగు మీద పనిచేయదా మేడమ్?

మైక్రోబయాలజీ అధ్యాపకురాలు: పనిచేస్తుంది. రెండేళ్లు దాటితే 400 మి.గ్రా. మాత్ర ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు సగం మాత్ర పొడిచేసి ఇస్తారు. అయితే పురుగు చస్తుంది, గుడ్డు చావదు. కాబట్టి నులిపురుగుకు రెండు వారాల తర్వాత మళ్లీ మోతాదు ఇవ్వాలి, ఇంట్లో అందరికీ ఒకేసారి వేయాలి. "రిపీట్ డోస్ ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఇక కొరడాపురుగు ఒక్క మాత్రకు సరిగా లొంగదు, మూడు రోజులు వాడాలి.

ల్యాబ్ టెక్నీషియన్: ప్రాక్టికల్ సంగతి నేను చెబుతాను. నులిపురుగుకు టేపు పరీక్ష. పొద్దున లేవగానే, స్నానానికీ విరేచనానికీ ముందే తీయాలి. మసకగా ఉండే టేపు పనికిరాదు, పారదర్శకమైనదే కావాలి. జిగురు వైపు మలద్వారానికి రెండు పక్కలా అద్ది, అదే వైపు స్లైడుకు అతికించాలి. గాలిబుడగలు అడ్డొస్తే టేపు లేపి ఒక చుక్క టోలుయీన్ అనే ద్రావణి వేస్తే తేటపడుతుంది. ఒకసారి రాలేదని నెగెటివ్ రాయకండి, కనీసం మూడు పొద్దులు వరుసగా చూడాలి.

మిగతా గుడ్లకు ఉప్పునీటి తేలుడు పద్ధతి. లీటరు నీళ్లకు సుమారు 400 గ్రాముల ఉప్పు, ఇంక కరగనంత వరకు కలిపి వడగట్టాలి. సాంద్రత 1.200 ఉండాలి. గ్రాము మలాన్ని చిన్న అడుగుచదును సీసాలో కొద్ది ఉప్పునీటితో మెదిపి, అంచు దాకా నింపి, పైన స్లైడు నీటికి తగిలేలా పెట్టి 20–30 నిమిషాలు ఆగాలి. స్లైడు కుదుపు లేకుండా ఎత్తి వెంటనే తిప్పేయాలి. అంతకంటే ఆలస్యం చేస్తే గుడ్లు ముడుచుకుపోతాయి, ఉప్పు స్ఫటికాలు కట్టి ఏమీ కనబడదు.

తేలనివి కంఠతా పెట్టుకోండి: ఫలదీకరణ చెందని ఏలికపాము గుడ్డు, బద్దెపురుగు గుడ్డు, మూత ఉన్న జలగజాతి (ట్రెమటోడ్) పురుగుల గుడ్లు. వీటికి అడుగున వెతకాలి.

పశువైద్యుడు: ఆ చివరి మాట మా పనిలోనూ ముఖ్యం. గొర్రెల్లో ఈ పురుగులన్నిటినీ కలిపి నట్టలు అంటారు, మందు నట్టల మందు. ఇదీ మీ పోస్టర్ మాట లాంటి గుంపు పేరే. కాలేయపు జలగ ఉన్న మందలో పేడను ఉప్పునీటితో మాత్రమే చూసి నట్టలు లేవనుకుంటే జలగ తప్పిపోతుంది. ఆల్బెండజోల్‌ను చూడి మొదటి నెలలో గొర్రెకు పట్టకూడదు.

తెలుగు అధ్యాపకుడు: కొంకి అంటే కాయలు కోసే కర్ర చివరి వంపు కదా, ఆ పురుగు నోట్లో కొక్కేలుంటాయా?

మైక్రోబయాలజీ అధ్యాపకురాలు: వంపు మొత్తం ముందుభాగానిది మాస్టారూ, తల వెనక్కి వంగి ఉంటుంది. కొంకిపురుగుల్లో రెండు రకాలు, ఆంకిలోస్టోమా, నెకేటర్. నోట్లో ఆంకిలోస్టోమాకు పళ్లు, నెకేటర్‌కు కోసే పలకలు. ఈ తేడా పెద్ద పురుగులోనే తెలుస్తుంది, రెండింటి గుడ్లూ ఒకటే. దక్షిణాదిలో నెకేటర్ ఎక్కువ. రక్తం ఎక్కువ తాగేది మాత్రం ఆంకిలోస్టోమా: రోజుకు ఒక్కో పురుగు 0.2 మి.లీ. దాకా, నెకేటర్ 0.03 మి.లీ.

బద్దెపురుగు దగ్గర అసలు జాగ్రత్త పడాలి. వెదురుబద్దలా చదునుగా, కణుపులు కణుపులుగా ఉంటుందన్న పేరు బాగుంది, కానీ ఆ పేరు టీనియా సోలియం, టీనియా సాజినేటా అనే రెండు జాతులకూ ఉమ్మడి. గుడ్డు చూసి సోలియం, సాజినేటా విడదీయలేం. ముదిరిన కణుపులో గర్భాశయపు కొమ్మలు లెక్కపెట్టాలి, 13 లోపైతే సోలియం, 15 దాటితే సాజినేటా. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో పురుగు పెరుగుతుంది. సోలియం గుడ్లు నోట్లోకి పోతే మెదడులో, కండల్లో తిత్తులు కడతాయి. ఈ రెంటినీ తారుమారు చేసి రాసిన జవాబులే ఎక్కువ. సోలియం గుడ్లు నోట్లోకి పోకూడదు కాబట్టే ఆ కణుపులను చేతితొడుగులు లేకుండా ముట్టకూడదు.

విద్యార్థిని: రంగు అంటని గుడ్లు గుర్తుపెట్టుకోవడానికి ఏమన్నా దారి ఉందా?

ల్యాబ్ టెక్నీషియన్: "నేహా" అని గుర్తుపెట్టుకోండి: నెకేటర్, ఎంటరోబియస్, హైమినోలెపిస్ నానా (పొట్టి బద్దెపురుగు), ఆంకిలోస్టోమా. నాలుగూ ఉప్పునీటిలో తేలతాయి కూడా. ఇంకొకటి: కొంకిపురుగు ఉన్న నమూనాను ఒక రోజు బల్ల మీద ఉంచేస్తే గుడ్లు పగిలి లార్వాలు వస్తాయి, స్ట్రాంగిలాయిడిస్ అనే మరో పేగు పురుగు లార్వాలని పొరబడతారు. నోటి కుహరం పొడుగ్గా ఉంటే కొంకిపురుగు, పొట్టిగా ఉంటే స్ట్రాంగిలాయిడిస్. నమూనా తీసిన సమయం సీసా మీద రాసి ఉంటే ఈ అనుమానమే రాదు.