రెస్ట్‌లెస్ లెగ్స్ మందులు: ఒకరికి పడినవి మరొకరికి ఎందుకు పడవు?

అనంతపురం సభ్యుడు:
రాత్రి పడుకోగానే కాళ్లు గుంజి, లేచి తిరిగితే తప్ప ఊరుకోని ఈ జబ్బుకు ప్రమిపెక్సోల్ మా నాన్నగారికి వారంలోనే గుణమిచ్చింది. కర్నూలులో ఉన్న మా మేనత్తగారికి అదే మాత్ర రెండేళ్లు బాగా పనిచేసింది. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికే బాధ మొదలై చేతులకూ పాకుతోంది. మోతాదు పెంచమని ఇంట్లో అంటున్నారు. ఇదంతా ఒంటి తత్వమేనా?

కడప సభ్యురాలు:
మోతాదు పెంచడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలను ఆగ్మెంటేషన్ అంటారు. మెదడులో సంకేతాలు మోసే రసాయనమైన డోపమైన్ మాదిరిగా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులే కొంతకాలానికి కొందరిలో జబ్బును ముదరబెడతాయి, మోతాదు పెంచితే కొన్నాళ్లు నెమ్మదించి తర్వాత ఇంకా తీవ్రమవుతుంది. 2014లో వెలువడిన 52 వారాల పరీక్షలో 0.5 మిల్లీగ్రాముల ప్రమిపెక్సోల్ వాడినవారిలో 7.7 శాతం మందికి, డోపమైన్ కోవకు చెందని ప్రీగాబలిన్ అనే మందు వాడినవారిలో 2.1 శాతం మందికి ఇది కనిపించింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 మార్గదర్శకాలు కూడా ప్రమిపెక్సోల్‌ను మామూలుగా వాడవద్దనే సూచిస్తున్నాయి. అయితే హఠాత్తుగా మానేస్తే రాత్రులు భరించలేనివిగా మారతాయి కనుక, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

అంతకంటే ముందు, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా మెదడులో ఇనుము తక్కువగా ఉండవచ్చు, అప్పుడు డోపమైన్ వ్యవస్థ గాడి తప్పుతుంది. రక్తహీనత లేదని చెప్పి ఇంటికి పంపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఈ జబ్బులో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకు తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వాలని నిపుణులు చెబుతారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఆ అంకె పెరిగి కనిపిస్తుంది కాబట్టి రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత మేరకు నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చూడాలి.

కర్నూలు సభ్యుడు:
మేము నిత్యం రాగి సంగటి, జొన్నరొట్టె తినేవాళ్లమే. నేను ఐరన్ మాత్రలు వాడాను, ప్రీగాబలిన్ కోవకే చెందిన గాబాపెంటిన్ మోతాదు పెంచాను, రెండూ పనిచేయలేదు. తత్వం కాక మరేమిటి?

కడప సభ్యురాలు:
రాగుల్లో, జొన్నల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే గ్రహణం మరింత తగ్గుతుంది. అందుకే కొందరికి సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించాల్సి వస్తుంది. గాబాపెంటిన్ సంగతి వేరు: దాన్ని పేగులు కొంత మేరకే లోపలికి తీసుకోగలవు గనుక, మోతాదు పెంచినంతగా రక్తంలోకి చేరదు, ప్రీగాబలిన్‌కు ఆ ఇబ్బంది లేదు. రెండూ మూత్రపిండాల ద్వారానే బయటకు పోతాయి కాబట్టి, షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవారికి చిన్న మోతాదే మత్తుగా తూలేటట్లు చేస్తుంది. మీరు జలుబుకు, దురదకు వేసుకునే మత్తు మాత్రలనూ, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌నూ, డిప్రెషన్ మందులనూ డాక్టరుకు తప్పక చూపించండి. వాటిలో చాలావరకు ఈ బాధను రెచ్చగొట్టేవే.

తత్వం లేదనను. ఈ జబ్బుతో ముడిపడిన ఎంఈఐఎస్1, బీటీబీడీ9 జన్యువులను 2007లోనే గుర్తించారు. కానీ ఏ మందు పడుతుందో జన్యువులను చూసి చెప్పే పరీక్ష వాడుకలో లేదు. ఫెరిటిన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ మాత్రం మామూలు ల్యాబులోనే చూపించుకోవచ్చు. మేనత్తగారికి ఆ రెండూ చూడకుండా మోతాదు మార్చనివ్వకండి.