అప్‌డేట్: జెట్ బోటు ఎగిరిపడటం తగ్గింది, మలుపు కూడా దారికొచ్చింది

పోయిన నెల అడిగాను కదా: రేణిగుంట షెడ్డులో కట్టిన మా ఫైబర్ జెట్ బోటు (ప్రొపెల్లర్ బదులు పంపుతో నీళ్లు లాగి వెనక్కి చిమ్ముతూ నడిచేది) స్పీడ్ పెంచగానే ముక్కు పైకీ కిందికీ కొట్టుకుంటోంది, మలుపులో వెనక భాగం జారిపోతోంది అని. రెండూ బాగా తగ్గాయి.

అసలు లోపం అడుగున దొరికింది. ఇక్కడ ఒకన్న చెప్పినట్టే బోటును తిరగేసి, వెనక ఒకటిన్నర మీటరు మేర తిన్నని అల్యూమినియం పట్టీ పెట్టి చూశాం. మధ్యలో ఆనుతోంది, చివర సందులోంచి వెలుతురు కనబడుతోంది. అంటే వెనక్కి పోయేకొద్దీ అడుగు పైకి వంగింది. నీళ్లు ఆ వంపు వెంట పోతూ వెనక భాగాన్ని కిందికి లాగుతాయి. ముక్కు లేచి, బరువుకు మళ్లీ పడుతుంది. ఫైబర్, రెజిన్ వేసి చదునుగా రుద్దాం. వెనక అంచును గుండ్రంగా వదలకుండా పదునుగా తీర్చాం, నీళ్లు అక్కడే తెగిపోవాలి. బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు ముందుకు జరిపాం.

జారుడుకు వెనక ఇరువైపులా చిన్న రెక్కలు బిగించాం. దయచేసి ఇన్‌టేక్‌కు (పంపు నీళ్లు లాగే అడుగు రంధ్రానికి) సరిగ్గా ముందు మాత్రం పెట్టకండి, నీళ్లతో పాటు గాలి కూడా పంపులోకి పోతుంది.

థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా వదిలితే నీళ్ల ధార ఆగి స్టీరింగ్ పనిచేయకపోవడం జెట్ బోటు స్వభావం. అడ్డం ఏదైనా వస్తే యాక్సిలరేటర్ వదలకుండా తిప్పమని తమ్ముడికి అలవాటు చేయిస్తున్నాను, ఆ టెన్షన్ ఇంకా ఉంది. నిండు లోడ్‌తో నడిపి చూడాలి.